ముందు మూత్రం, ఆ తర్వాతే మందు

మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందేమో చూడటానికి జ్వరంతో ఉన్న పసిబిడ్డకు సన్నని గొట్టం వేసి మూత్రం తీస్తామని డాక్టరు అన్నప్పుడు, ఆ బాధ లేకుండా సంచి అంటించి పట్టమని తల్లిదండ్రులు బతిమాలడం సహజమే. అయినా ఈ ఒక్క విషయంలో డాక్టరు మాట వినడమే మేలని నా అభిప్రాయం.

రెండేళ్ల లోపు పిల్లలు మూత్రం పోసేటప్పుడు మంటగా ఉందని చెప్పలేరు. జలుబూ దగ్గూ లేని జ్వరం, వాంతులు, పాలు తాగకపోవడం, ఎడతెగని ఏడుపు, మూత్ర ఇన్ఫెక్షన్‌కు చాలాసార్లు ఇవే లక్షణాలు. సంచిలో పడిన మూత్రంలో చర్మం మీది బ్యాక్టీరియా కూడా కలుస్తుంది కనుక, అందులో దోషమేమీ కనబడకపోతే ఇన్ఫెక్షన్ లేదని చాలావరకు నమ్మవచ్చు గానీ, ఉందని తేల్చడానికి అది పనికిరాదు. 2 నుంచి 24 నెలల పిల్లల విషయంలో అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2011లో ఇచ్చిన మార్గదర్శకాలు, ఇన్ఫెక్షన్ ఉందని తేల్చాలంటే మూత్రంలో చీము కణాలో బ్యాక్టీరియానో కనబడటంతో పాటు, గొట్టంతో గానీ సూదితో గానీ తీసిన నమూనా కల్చర్‌లో (ప్రయోగశాలలో బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్షలో) మిల్లీలీటరుకు కనీసం 50,000 బ్యాక్టీరియా పెరగాలన్నాయి.

ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ ఒక్క మోతాదు ముందే పట్టించినా కల్చర్‌లో ఏమీ పెరగకపోవచ్చు. అప్పుడు ఏ బ్యాక్టీరియాతో పోరాడుతున్నామో, ఏ మందుకు అది లొంగుతుందో తెలియదు. అలాగని నమూనా తీశాక ఫలితం కోసం రోజుల తరబడి ఆగడమూ తప్పే. అనుమానం బలంగా ఉంటే వెంటనే మందు మొదలుపెట్టి, రిపోర్టు వచ్చాక అవసరమైతే మార్చుకోవాలి. ఆలస్యమైతే మూత్రపిండాలపై మచ్చలు పడే ప్రమాదం పెరుగుతుంది. వాంతులు లేకుండా తాగగలిగే బిడ్డకు నోటి మందు ఇంజెక్షనంత బాగానే పనిచేస్తుంది. రెండు నెలల లోపు పసికందులకు మాత్రం సాధారణంగా ఆసుపత్రిలోనే చికిత్స చేస్తారు.

రెండేళ్ల లోపు బిడ్డకు జ్వరంతో కూడిన మొదటి ఇన్ఫెక్షన్ తర్వాత అల్ట్రాసౌండ్ చేయించాలి. మూత్రాశయంలోకి రంగుమందు ఎక్కించి తీసే ఎక్స్‌రే అందరికీ అక్కర్లేదు.

మళ్లీ మళ్లీ వస్తుంటే రోజూ కొద్ది మోతాదు మందు ఇమ్మని కొందరు అడుగుతారు. మూత్రం మూత్రాశయం నుంచి వెనక్కి, మూత్రపిండాల వైపు పోయే సమస్య ఉన్న పిల్లలపై జరిగి 2014లో వెలువడిన రివర్ అధ్యయనంలో ఆ పద్ధతి ఇన్ఫెక్షన్లను దాదాపు సగానికి తగ్గించింది, మచ్చలను మాత్రం తగ్గించలేదు. పైగా మందుకు లొంగని బ్యాక్టీరియా పెరిగింది. డైపరు మానిన పిల్లల్లోనైతే ముందు చూడవలసింది మలబద్ధకం, ఆటలో పడి మూత్రం ఆపుకునే అలవాటు. ఆ రెండింటి గురించి మనమే డాక్టరుకు చెప్పాలి, ఎందుకంటే ప్రయోగశాల రిపోర్టులో అవి కనబడవు.