జాకెట్ వెనక తీసిన ఫోటో

పోయిన అక్టోబర్లో ఒక శనివారం పొద్దున మేం ఏడుగురం బైకుల మీద టెక్సాస్‌లో డాలస్ దగ్గరి డెంటన్ దాటి ఉత్తరానికి పోతున్నాం. ఏడుగురిలో ఐదుగురివి ఐటీ ఉద్యోగాలు, ఒకాయన ఫార్మసిస్టు, ఇంకొకాయనకి కిరాణా కొట్టుంది. అందరికీ నలభై దాటాయి, ఇద్దరికి మోకాళ్ళ నొప్పులు. ఇంత వివరం ఎందుకంటే, ఆ రోజు మమ్మల్ని రోడ్డు పక్కన ఆపిన పోలీసాయన కంటికి మేం ఎలా కనిపించామో చెప్పాలంటే ముందు మేమెవరమో మీకు తెలియాలి కదా.

ఆపింది మాలో ఒకడి వెనక లైటు వెలగడం లేదని. మర్యాదగానే మాట్లాడాడు. లైసెన్సులు చూశాడు, ఇచ్చేశాడు. తర్వాత మా వెనక్కి నడిచొచ్చి, కాసేపు నిలబడి, "ఏ క్లబ్ మీది?" అన్నాడు.

తప్పు మా జాకెట్లది. చేతుల్లేని నల్ల తోలు జాకెట్, బైకర్ల భాషలో దాన్ని కట్ అంటారు. సరదాకి అందరం కుట్టించుకున్నాం. వీపు మీద పైన వంపులో మా గుంపు పేరు, మధ్యలో ఒంగోలు గిత్త తల, కింద ఇంకో వంపులో టెక్సాస్. అంతా తెలుగు అక్షరాల్లోనే. మనకి అది సంక్రాంతి పోస్టర్‌లా ఉంటుంది. తెలుగు రానివాడికి మాత్రం అర్థంకాని లిపి, కొమ్ములు, మూడు ముక్కల పట్టీ. ఈ దేశంలో మూడు ముక్కల పట్టీ అంటే పోలీసులకి ఒకటే అర్థం, బైకర్ ముఠా. అందులోనూ కింద ముక్క మీద రాష్ట్రం పేరు రాసుకోవడమంటే 'ఇది మా ఇలాకా' అని చాటుకోవడమట. ఆ సంగతి మాకు తర్వాత తెలిసింది. ఆ ఒక్క ముక్క గురించి మనుషులు చచ్చిపోయారని ఇంకా తర్వాత తెలిసింది.

ఆయన ఫోన్ తీసి మా వీపులకి ఒక్కొక్కటిగా ఫోటోలు తీశాడు. నంబర్ ప్లేట్లకి తీశాడు. మావాడొకడి ముంజేతి మీద 'అమ్మ' అని పచ్చబొట్టు ఉంటే దాన్నీ తీశాడు. టికెట్ రాయలేదు, "లైటు మార్పించుకోండి, జాగ్రత్తగా వెళ్ళండి" అన్నాడు. మేం ఊపిరి పీల్చుకుని, సాయంత్రం బిర్యానీ దగ్గర ఈ కథే పదిసార్లు చెప్పుకుని నవ్వుకున్నాం. నేనూ నవ్వాను. రాత్రి పడుకున్నాక మాత్రం ఒకటే ప్రశ్న బుర్రలో తిరిగింది. ఆ ఫోటో ఏమైంది?

ఆయన ఫోన్లోనే ఉండిపోయిందా, ఏదైనా డేటాబేస్‌లో ఎక్కిందా, ఎక్కితే ఎవరి పేరు పక్కన, ఏ మాట కింద ఎక్కింది, ఎప్పుడు తీసేస్తారు. అలా వెతుక్కుంటూ పోతే నాకు తగిలిన మనుషులు మన తెలుగు సంఘం పార్టీల్లో ఎన్నడూ కనపడని మనుషులు. గడ్డాలు, టాటూలు, హార్లీలు. మనం పార్కింగ్‌లో చూసి పిల్లల్ని అటువైపు లాక్కునే రకం. పోలీసులు మనుషుల గురించి పోగేసే సమాచారానికి ఒక హద్దుండాలని ఎన్నో ఏళ్ళుగా రాష్ట్ర రాజధానుల చుట్టూ తిరుగుతున్నది వీళ్ళే. హెల్మెట్ చట్టాల మీద గొడవతో 1970ల్లో మొదలైన సంఘాలు, అదే అలవాటుతో ఇప్పుడు దీని మీద పడ్డాయి.

వాళ్ళకింత కసి ఎందుకో తెలియాలంటే వేకో సంగతి చూడాలి. డాలస్ నుంచి ఆస్టిన్ పోతూ ఐ-35 మీద మనం ఎన్నిసార్లు ఆ ఊరు దాటి ఉంటామో. 2015 మే 17, ఆదివారం మధ్యాహ్నం, ఆ రోడ్డు పక్కనే ఉన్న ఒక రెస్టారెంట్‌లో టెక్సాస్ బైకర్ క్లబ్బుల సమాఖ్య మీటింగ్ పెట్టుకుంది. మీటింగ్ దేని మీదనుకున్నారు? బైకర్ల హక్కులు, చట్టసభలో బిల్లులు! రెండు క్లబ్బుల మధ్య, బండిడోస్, కోసాక్స్ మధ్య, పాత పగ ఉంది. ఆ పగలో ఒక భాగం కింద ముక్క మీద 'టెక్సాస్' అని ఎవరు కుట్టించుకోవచ్చు అన్నదే. పార్కింగ్ లాట్‌లో కాల్పులు మొదలయ్యాయి, బయట కాపు కాస్తున్న పోలీసులూ కాల్చారు, తొమ్మిది మంది పోయారు. ఘోరమే, కాదనను.

ఆ తర్వాత జరిగింది చూడండి. 177 మందిని అరెస్టు చేశారు. ఒక్కొక్కరికి బెయిలు పది లక్షల డాలర్లు. అరెస్టుకి ఆధారంగా చూపిన ప్రమాణపత్రం అందరికీ ఒకటే, పేరు దగ్గర ఖాళీ వదిలి నింపుకుంటూ పోయారు. కాల్చినవాడికీ, మీటింగ్‌కి వచ్చి టేబుల్ కింద దాక్కున్నవాడికీ అదే కాగితం. వేసుకున్న కట్ జాకెట్, కూర్చున్న టేబుల్, పక్కనున్న మనిషి, ఇవే సాక్ష్యం. 150 మందికి పైగా అభియోగాలు మోపారు. విచారణ దాకా వెళ్ళింది ఒక్కటంటే ఒక్క కేసు, 2017లో, అదీ జ్యూరీ ఏకాభిప్రాయానికి రాక ఆగిపోయింది. 2019 ఏప్రిల్లో కొత్త డిస్ట్రిక్ట్ అటార్నీ, అంటే అక్కడి ప్రభుత్వ ప్రాసిక్యూటర్, మిగిలిన కేసులన్నీ ఎత్తేశాడు. ఒక్కరికీ శిక్ష పడలేదు. నాలుగేళ్ళు ఆ 177 మంది ఏ ఉద్యోగానికి అప్లికేషన్ పెట్టుకుని ఉంటారో, బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో ఏం తేలి ఉంటుందో ఊహించుకోండి.

"అంటే అన్నా, వాళ్ళంతా మంచోళ్ళేనా?" అని మా వరంగల్ తమ్ముడు అడిగాడు ఇదంతా చెప్తే. కాదు నాయనా. బండిడోస్ జాతీయ అధ్యక్షుడూ ఉపాధ్యక్షుడూ 2018లో శాన్ ఆంటోనియో ఫెడరల్ కోర్టులో దోషులుగా తేలి యావజ్జీవ ఖైదు పడ్డవాళ్ళు. హత్యలు, బెదిరింపులు, మత్తుమందులు, అన్నీ రుజువయ్యాయి. కానీ అక్కడ కోర్టు ఉంది, సాక్షులున్నారు, డిఫెన్స్ లాయర్ ఉన్నాడు. నేను మాట్లాడుతున్నది కోర్టు మొహం చూడని జాబితాల గురించి.

మనకి ఈ జాబితా కొత్తేం కాదు, పేరే వేరు. రౌడీషీట్. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పోలీస్ స్టాండింగ్ ఆర్డర్లలో 601 నంబరు చూసి స్టేషన్లలో తెరిచేవాళ్ళు, తెరుస్తూనే ఉన్నారు. ఆ ఆర్డర్లు చట్టసభ చేసిన చట్టం కాదు, శాఖ రాసుకున్న నిబంధనలు, అందుకే మన హైకోర్టుల్లో దాని మీద పదే పదే పిటిషన్లు. అయినా ఒక సంగతి ఒప్పుకోవాలి. మన ఊళ్ళో రౌడీషీట్ ఉన్నవాడికి తనకి రౌడీషీట్ ఉందని తెలుసు. వారానికోసారి స్టేషన్‌కి పిలిచి కూర్చోబెడతారు, ఎన్నికలొస్తే బైండోవర్ చేస్తారు, వీధిలో అందరికీ తెలుసు. ఇక్కడి గ్యాంగ్ డేటాబేస్ అంటే నీకు చెప్పకుండా తెరిచే రౌడీషీట్. ఎప్పుడో ట్రాఫిక్ స్టాప్‌లో లైసెన్స్ స్కాన్ చేయగానే పోలీసాయన మొహం మారుతుంది, చెయ్యి నడుం మీదికి పోతుంది, నీకు ఎందుకో తెలియదు.

ఆ జాబితా ఎంత శుద్ధంగా ఉంటుందో కాలిఫోర్నియా చూపించింది. అక్కడి రాష్ట్ర ఆడిటర్ 2016లో క్యాల్‌గ్యాంగ్ అనే డేటాబేస్‌ని తనిఖీ చేస్తే, అందులో లక్షన్నర మంది పేర్లున్నాయి. వాళ్ళలో 42 మంది ఎంట్రీ నాటికి ఏడాది కూడా నిండని పసిపిల్లలు. ఆ 42లో 28 మంది తాము గ్యాంగ్ సభ్యులమని స్వయంగా ఒప్పుకున్నట్టు రాసుంది! పాలు తాగే పిల్లాడు ఒప్పుకున్నాడట. ఐదేళ్ళకి తీసేయాల్సిన రికార్డుల్లో ఆరొందలకి పైగా గడువు దాటి పెట్టుకున్నవి, వాటిలో చాలా వాటి తొలగింపు తేదీ వందేళ్ళకి పైగా ముందుకి ఉంది. మనలో సగం మందికి ఇది చదవగానే నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది, ఎందుకంటే ఈ తప్పులు మనకి బాగా తెలుసు. ఎండ్ డేట్ తెలియకపోతే 9999 అని కొట్టేసి టికెట్ క్లోజ్ చేసినవాళ్ళం మనమే. పాత రికార్డులు చెరిపే పర్జ్ జాబ్ మూడు నెలలుగా ఫెయిలవుతున్నా ఎవరూ లాగ్ చూడని ప్రాజెక్టుల్లో పని చేసినవాళ్ళమూ మనమే. బ్యాంకులో అయితే ఆడిట్ వాళ్ళు పట్టుకుంటారు. ఇక్కడ ఎవరు పట్టుకోవాలి?

ఫెడరల్ రూలు ఒకటుంది, 28 సీఎఫ్‌ఆర్ పార్ట్ 23 అంటారు. 1980 నాటిది. కేంద్రం డబ్బుతో నడుస్తూ అనేక శాఖలు పంచుకునే నిఘా సమాచార వ్యవస్థలకి ఇది వర్తిస్తుంది. అందులో ఉన్నది వింటే మన పెద్దమనుషులెవరూ కాదనరు. ఒక మనిషి నేరంలో ఉన్నాడని సహేతుకమైన అనుమానం ఉంటేనే అతని సమాచారం పెట్టుకోవాలి. వాడి రాజకీయం, మతం, స్నేహాలు, ఏ సంఘంలో ఉన్నాడు అన్నవి నేరంతో నేరుగా సంబంధం లేకపోతే రాసుకోకూడదు. ఐదేళ్ళలోపు మళ్ళీ చూసి, నిలబడే కారణం లేకపోతే చెరిపేయాలి. బైకర్లు అడిగేదాంట్లో పెద్ద వంతు ఇదే, రాసుకున్న రూలు మీద నిలబడమని. తప్పేముంది?

దానికి తోడు రోడ్డు మీద ఆపడం సంగతి. వాషింగ్టన్ రాష్ట్రం 2011లో ఒక చట్టం చేసింది. బైక్ నడుపుతున్నాడనో, బైకర్ దుస్తులు వేసుకున్నాడనో ఆ కారణాన్ని పట్టుకుని ఆపడం, ప్రశ్నించడం, సోదా చేయడం కూడదని. దేశంలో అలాంటి చట్టాల్లో అదే మొదటిది. తర్వాత మేరీలాండ్, లూసియానా, ఐడాహో వచ్చాయి. 2015 డిసెంబర్లో వచ్చిన ఫెడరల్ రవాణా చట్టంలో ఒక చిన్న క్లాజు పెట్టించుకున్నారు, ఒక్క బైకుల్ని మాత్రమే ఆపే చెక్‌పోస్టులకి కేంద్రం గ్రాంటు వాడకూడదని. 2018 డిసెంబర్లో సెనేట్ ఒక తీర్మానం కూడా చేసింది, అయితే తీర్మానానికి పళ్ళుండవు.

అదే 2018లో సుప్రీంకోర్టులో ఇంకో బైకు. వర్జీనియాలో ఒకాయన తన స్నేహితురాలి ఇంటి డ్రైవ్‌వేలో టార్పాలిన్ కప్పి పెట్టిన బండి. పోలీసు వారెంటు లేకుండా లోపలికి నడిచొచ్చి, టార్పాలిన్ ఎత్తి, నంబర్లు చూసుకుని మళ్ళీ కప్పి వెళ్ళాడు. ఎనిమిది మంది జడ్జిలు కుదరదన్నారు, ఒక్కరే విభేదించారు. బండి దొంగసొత్తే, ఆ సంగతి వేరు. అయినా ఇంటి ఆవరణలో కప్పి పెట్టిన బండి దగ్గరికి వారెంటు లేకుండా రావడానికి లేదని తేల్చారు. వాకిట్లోకి వచ్చేముందు అడగాలని మన నాయనమ్మలకి కూడా తెలుసు, ఇక్కడ సుప్రీంకోర్టు దాకా పోవాల్సొచ్చింది.

"వాళ్ళ గొడవ మనకెందుకు అన్నా, మనం జాకెట్లు తీసేస్తే సరిపోయె" అన్నాడు మా తమ్ముడే మళ్ళీ. ఈ మాట దగ్గరే నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకంటే ఈ దేశంలో జాబితాలకి అందరికంటే ఎక్కువ భయపడాల్సింది పౌరసత్వం ఉన్న గడ్డపాయన కాదు, మనం. ఆయన పేరు తప్పుగా ఎక్కితే లాయర్ని పెట్టుకుంటాడు. మన పేరు తప్పుగా ఎక్కితే వీసా స్టాంపింగ్ దగ్గర పాస్‌పోర్టు పక్కన పెట్టి 'మళ్ళీ చెప్తాం' అంటారు, ఎందుకో చెప్పరు. 2025 మార్చిలో రెండు వందలకి పైగా వెనెజులా వాళ్ళని ఎల్ సాల్వడార్ జైలుకి పంపినప్పుడు, కోర్టులో బయటపడ్డ ప్రభుత్వ పత్రంలో పాయింట్ల పట్టిక ఉంది. ముఠాదని అనిపించే టాటూకి నాలుగు. మొత్తం ఎనిమిదికి చేరితే ముఠా సభ్యుడికిందే లెక్క. 'అమ్మ' అని పచ్చబొట్టు ఉన్న మావాడు హెచ్1బీ మీద ఉన్నాడు. మేం వెనెజులా వాళ్ళం కాదు, నిజమే, ఆ పట్టిక మా కోసం రాసింది కాదు. పట్టికలు రాసేవాళ్ళు మాత్రం ఒక్క పట్టికతో ఆగరు.

పోనీ ఊరికెళ్తే తప్పుతుందా అంటే అదీ లేదు. 2021 అక్టోబర్లో హైదరాబాద్‌లో బండి మీద పోయే పిల్లల్ని ఆపి, ఫోన్లు తీయించి, వాట్సాప్‌లో 'గాంజా' అని కొట్టి వెతికిన వీడియోలు మనమంతా గ్రూపుల్లో ఫార్వర్డ్ చేసుకున్నాం. కార్డన్ సెర్చ్ అని తెల్లారకముందే బస్తీ చుట్టుముట్టి, కాగితాలు లేని స్కూటర్లు లారీలకెక్కించే ఫోటోలు పేపర్లో చూస్తూనే ఉంటాం. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జిలు ఏకగ్రీవంగా చెప్పిన దేశమే అది కూడా. రెండు చోట్లా బండి మీద పోయేవాడే తేలిగ్గా దొరుకుతాడు. కారు అద్దాలు ఎత్తుకుని కూర్చోవచ్చు, బండి మీద మనిషి మొత్తం బయటే ఉంటాడు.

అందుకని ఈ పత్రిక చదివే టెక్సాస్ వాళ్ళకి నేను చెప్పేది సూటిగా ఇది. మన శాసనసభ రెండేళ్ళకోసారి, బేసి సంవత్సరం జనవరిలో మొదలై 140 రోజులే కూర్చుంటుంది. 2027 జనవరికి ఆస్టిన్ వెళ్ళే బైకర్లతో మన సంఘం తరఫున ఓ పదిమంది వెళ్దాం. సమోసాలు మనం తీసుకెళ్దాం, బిల్లుల కాగితాలు వాళ్ళ దగ్గర ఉంటాయి. గ్యాంగ్ జాబితాలో పేరెక్కిస్తే ఆ మనిషికి ఉత్తరం పోవాలి, దుస్తులూ స్నేహాలూ మాత్రమే ఆధారమైతే ఎక్కించకూడదు, గడువు తీరినవి చెరిపారో లేదో బయటివాళ్ళు ఏటా ఆడిట్ చేయాలి. ఈ మూడూ అడుగుదాం. ఆడిట్ అంటే ఏంటో మనకంటే బాగా ఎవరికి తెలుసు?

అంతలోపు చేయగలిగింది ఒకటుంది. నా పేరు మీ గ్యాంగ్ సమాచారంలో ఉందా అని పోలీసు శాఖకి రాసి అడిగే హక్కు టెక్సాస్ చట్టం ఇచ్చింది. నేను ఉత్తరం రాశాను. అరపేజీ. సంతకం పెట్టి, కవర్లో పెట్టి, స్టాంపు కూడా అంటించాను. మా ఆవిడ చదివి, "ఏమండీ, ఇప్పటిదాకా లేకపోతే ఈ ఉత్తరం చూసి కొత్తగా ఎక్కించుకుంటారేమో, గ్రీన్‌కార్డు వచ్చాక పంపకూడదా" అంది. ఏం చెప్పాలో తోచలేదు. మూడు వారాలుగా ఆ కవరు ఫ్రిజ్ మీద అరటిపళ్ళ బుట్ట కింద ఉంది.