మోగని సైరన్ గారికి

మహారాజశ్రీ సైరన్ గారికి,

విశాఖపట్నం నుంచి ఒక పౌరుడు నమస్కరించి రాయునది. ఉత్తరాన్ని ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం ఆనవాయితీ. మేము కుశలమో కాదో మాకంటే ముందు తెలియాల్సింది మీకు కాబట్టి ఆ ముక్క మీకే వదిలేస్తున్నాను.

మీ సర్వీసు రికార్డు చూశాను. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విష రసాయనం ఆవిరై ఇళ్లలోకి చొరబడింది. మిమ్మల్ని మోగించడానికి ఆ ఫ్యాక్టరీలో 36 చోట్ల ఏర్పాటు ఉందని, ఒక్కచోట కూడా ఎవరూ నొక్కలేదని ప్రభుత్వం వేసిన కమిటీ తేల్చింది. పన్నెండు మంది పోయారు. ఊరిని లేపింది వాసన, దగ్గు, పక్కింటివాళ్ల కేకలు. సరిగ్గా ఐదేళ్లకి, 2025 మే 7న, దేశమంతటా పౌర రక్షణ మాక్ డ్రిల్ పెడితే మాత్రం విశాఖలో ఠంచనుగా మోగారు. ప్రమాదం లేని రోజు మీ హాజరుకి వంక పెట్టలేం.

మీ మీద కోపం లేదు. మీకు గొంతే గానీ చేతుల్లేవు.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మీకు ప్రమోషన్ వచ్చే సూచనలున్నాయి. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ఒక్కోటి 1208 మెగావాట్ల అణు రియాక్టర్లు ఆరు పెడతామంటున్నారు. ఇంకా కట్టలేదు. కాబట్టి అడగాల్సినవి అడగడానికి ఇదే మంచి టైమ్. మన దేశంలో అణు విద్యుత్ కేంద్రం చుట్టూ 16 కిలోమీటర్ల దాకా ఎమర్జెన్సీ ప్లాన్ ఉంటుంది. విశాఖ ఆ గీతకి బయటే. కానీ మా వీధుల్లో సగం ఇళ్లకి ఆ వైపు చుట్టాలున్నారు. అక్కడ మీరు నోరు విప్పకపోతే ఇక్కడ వాట్సాప్ విప్పుతుంది.

కాగితం మీద మీ డిపార్ట్‌మెంట్ పద్ధతిగానే ఉంది. ప్లాంటు లోపల ఆగే ప్రమాదం ఒకటి, ఆవరణ దాకా వచ్చేది ఒకటి, కంచె దాటి ఊళ్లోకి వచ్చేది ఒకటి. మొదటి రెండూ ప్లాంటు పెద్దల చేతిలో, మూడోది జిల్లా కలెక్టర్ చేతిలో. లోపల ఏం జరుగుతోందో కలెక్టర్‌కి చెప్పడం ప్లాంటు పని. ఇళ్లలో ఉండమనాలా, ఊరు ఖాళీ చేయించాలా, రేడియేషన్ నుంచి థైరాయిడ్‌ని కాపాడే అయోడిన్ మాత్రలు ఎప్పుడు మింగించాలి అన్నది కలెక్టర్ పని. రెండేళ్లకోసారి బయటి ఊళ్లతో కలిపి డ్రిల్ కూడా చేయాలి. ఇందులో మింగుడుపడనిది ఒకటే: కింద నుంచి పైకి, పై నుంచి పక్కకి అందరూ అందరికీ చెప్పుకున్నాక, చివరి వరసలో మేముంటాం.

అమెరికాలో ఇది గడియారం పెట్టి రాసుకున్నారు. ఎమర్జెన్సీయో కాదో తేల్చుకోవడానికి ప్లాంటుకి 15 నిమిషాలు, తేల్చాక రాష్ట్ర, స్థానిక అధికారులకి చెప్పడానికి ఇంకో 15. మన దగ్గర తేల్చుకోవడం అంటే మీటింగ్. మీటింగ్ అంటే ముందు టిఫిన్లు.

ఆ నిబంధనలేవీ ముందుచూపుతో పుట్టలేదు లెండి. 1979 మార్చి 28న అమెరికాలోని త్రీ మైల్ ఐలాండ్ అణు కేంద్రంలో తెల్లవారుజామున నాలుగింటికి గొడవ మొదలైతే, పెద్ద ఎమర్జెన్సీ అని ప్రకటించేసరికి ఏడు దాటింది. ఆ తర్వాత కంపెనీ ఒకటి, రాష్ట్రం ఒకటి, అణు నియంత్రణ సంస్థ ఇంకొకటి చెప్పాయి. చివరికి అధ్యక్షుడు కార్టర్ హెరాల్డ్ డెంటన్ అనే అధికారిని పంపి, ఇకపై ఈయన చెప్పిందే మాట అన్నాక గానీ జనం ఊపిరి పీల్చుకోలేదు. అప్పటికే లక్షమందికి పైగా మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయారు.

2011లో జపాన్‌లో ఫుకుషిమా అణు కేంద్రం ప్రమాదమప్పుడు, దాని దగ్గరి నమియే ఊరివాళ్ల కథ ఇంకా దారుణం. రేడియేషన్ కాలుష్యం ఎటు వెళ్తుందో లెక్కగట్టే వ్యవస్థ ప్రభుత్వం దగ్గర ఉంది. ఆ లెక్క ఊరికి అందలేదు. జనం ఇళ్లు వదిలి, కాలుష్యం ఎటు వెళ్లిందో సరిగ్గా అటే వెళ్లి తలదాచుకున్నారు.

మీరు అనవసరంగా మోగినా ఇబ్బందే. 2020 జనవరి 12 పొద్దున కెనడాలోని ఒంటారియో రాష్ట్రమంతా ఫోన్లు మోగాయి, పికరింగ్ అణు కేంద్రంలో ఏదో జరిగిందని. ఏమీ జరగలేదు, పొరపాటు. ఏమీ లేదని ఫోన్లకి మళ్లీ మెసేజ్ రావడానికి దాదాపు 108 నిమిషాలు పట్టింది. మోగడానికి ఒక మనిషి చాలాడు. ఆపడానికే కమిటీ కావాలి.

అసలు చిక్కు వేరే ఉంది. మీకు వచ్చిన రాగం ఒక్కటే. వెంకటాపురం చూసినవాళ్లకి ఆ కూత వినబడితే తలుపు తీసి పరుగెత్తాలనిపిస్తుంది. రియాక్టర్ ప్రమాదంలో చాలాసార్లు మొదట చెప్పేది దానికి పూర్తిగా ఉల్టా: లోపలికి వెళ్లి తలుపులు, కిటికీలు మూసుకో, ఏసీ ఆపెయ్, మూత లేని నీళ్లు తాగకు, చెప్పేదాకా మాత్ర మింగకు. కాబట్టి మీ వెనకే ఒక మనిషి గొంతు, తెలుగులో, రావాలి. రేడియేషన్ ఎంతో కొలిచే మైక్రోసీవర్ట్‌ల లెక్కలు తర్వాత చెప్పొచ్చు. ముందు పిల్లలకి పాలు పట్టొచ్చా, బడి నుంచి తెచ్చుకోవాలా వద్దా అన్నది చెప్పాలి.

హెచ్చరికలు జనానికి అర్థం కావని, చెబితే గందరగోళం అవుతుందని మీ పైవాళ్లు అంటే నమ్మకండి. పోర్టులో పదో నంబరు ప్రమాద సూచిక ఎగరేస్తే ఏం చెయ్యాలో జాలరిపేటలో పిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. తుఫానుకి నేర్చుకున్నవాళ్లు దీనికీ నేర్చుకుంటారు, నేర్పితే.

మీకు రెండు విన్నపాలు. నెలకోసారి ముందే చెప్పి మోగండి, మీ గొంతు అలవాటవుతుంది. మిమ్మల్ని ఎవరి సంతకంతో మోగిస్తారో, ఆయన సెలవులో ఉంటే ఇంకెవరో, ఆ హోదాలు గ్రామ సచివాలయం గోడ మీద పెద్ద అక్షరాల్లో రాయించండి.

ఇట్లు,
గాలి ఎటు వీస్తే అటే ముక్కు ఉన్న ఒక విశాఖవాసి