పులిహోర గరిటె

జనవరిలో ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం చేసిన సంక్రాంతి సంబరాలకి వచ్చినవాళ్ళందరికీ ఆ హైస్కూలు కెఫెటేరియాలో ఏం జరిగిందో తెలుసు. తెలియనట్టు ఉంటున్నాం, అంతే.

భోగిపళ్ళు అయిపోయాయి. ముగ్గుల పోటీ ఫలితాల మీద ఏటా జరిగే గొడవ కూడా అయిపోయింది. భోజనాల లైను కదిలింది. పులిహోర దగ్గర ఉండాల్సిన వాలంటీరు ఎటో వెళ్ళాడు. ఆ ట్రే వెనక ఓ పాతికేళ్ళ కుర్రాడు వచ్చి నిలబడ్డాడు. మన స్టేజీ మీద కృష్ణుడి వేషం వేసిన వయసు నుంచీ మనకి తెలిసిన పిల్లాడే. కాలేజీ రెండో ఏడాదిలో జబ్బుపడ్డాడనీ తెలుసు, ఆ జబ్బు పేరు స్కిజోఫ్రీనియా అనీ తెలుసు. వాడు జేబులోంచి వల టోపీ తీసి తలకి పెట్టుకున్నాడు. చేతులకి గ్లవ్స్ తొడుక్కున్నాడు. ఆ రోజు వడ్డించినవాళ్ళలో గ్లవ్స్ వేసుకున్నది వాడొక్కడే. (పాయసం వడ్డించిన పెద్దమనిషి రెండో చేతిలో ఫోను పట్టుకుని మాట్లాడుతూనే వడ్డించాడు. ఎవరూ ఏమీ అనలేదు.)

"చాలా అండీ?" అని ఒక్కొక్కరినీ అడిగి మరీ వేస్తున్నాడు. ఎనిమిదో తొమ్మిదో పళ్ళేలు దాటాయి. ఒకాయన గబగబా వచ్చి "నువ్వెళ్ళి కూర్చో నాన్నా, మేం చూసుకుంటాం" అంటూ చేతిలోని గరిటె లాక్కున్నాడు. వాళ్ళమ్మ వైపు తిరిగి, "పిల్లలు కూడా తింటున్నారు కదమ్మా, మీరైనా కాస్త చూసుకోవాలి" అన్నాడు. ఆవిడ ఏమీ అనలేదు. టోపీ, గ్లవ్స్ తీయించి కొడుకుని కారు దగ్గరికి తీసుకెళ్ళిపోయింది. వాళ్ళు తిన్నారో లేదో నేను చూడలేదు. నేను లైనులో, వాడికి మూడో మనిషిని. నా పళ్ళెంలో పులిహోర వేసింది ఆ గరిటె లాక్కున్నాయనే.

రెండు రోజుల తర్వాత వాట్సాప్ గ్రూపులో మెసేజి వచ్చింది. "ప్రత్యేక పరిస్థితుల్లో ఉన్నవారిని వెంట తెచ్చే కుటుంబాలు ముందుగా కమిటీకి తెలియజేయగలరు." కింద చేతులు జోడించిన బొమ్మ. దానికి పడిన బొటనవేళ్ళలో ఒకటి నాది. అలవాటు కొద్దీ నొక్కేశాను.

ఆ టోపీ, ఆ గ్లవ్స్ వాడికి ఎక్కడ అలవాటయ్యాయో వారం తర్వాత వాళ్ళింటికి వెళితే తెలిసింది. అంతకుముందు పదకొండు నెలలు వాడు ఒక ఫారంలో ఉన్నాడు. ఇలాంటి జబ్బున్నవాళ్ళు అక్కడే ఉండి, పనిచేస్తూ కోలుకునే పొలం అది. అక్కడ వంటింటి జట్టులో పని. రోజూ అరవై డెబ్భై మందికి మధ్యాహ్నం భోజనం వండి వడ్డించే జట్టు అది. "ఆస్పత్రిలో వాడు పేషెంటండీ. అక్కడ వాడు రాకపోతే సూప్ ఆలస్యమయ్యేది" అంది వాళ్ళమ్మ.

అలాంటి ఫారాలు ఈ దేశంలో కొన్నే ఉన్నాయి. వాటికి పెద్దక్క మసాచుసెట్స్ రాష్ట్రంలో మాంటెరీ అనే పల్లెలోని గూల్డ్ ఫారం. 1913లో విలియం గూల్డ్, ఆయన భార్య ఏగ్నెస్ మొదలుపెట్టారు. సుమారు 700 ఎకరాల కొండ నేల, ఆవులు, కూరగాయల మడులు, మేపుల్ చెట్ల పాకం, అడవి పని. అక్కడికి వచ్చినవాళ్ళని రోగులు అనరు, అతిథులు అంటారు. సిబ్బంది కూడా పెళ్ళాం పిల్లలతో అక్కడే కాపురం ఉంటారు, అందరూ కలిసే భోంచేస్తారు. వెర్మాంట్‌లో స్ప్రింగ్ లేక్ రాంచ్ 1932 నుంచి ఉంది. డాక్టరు, మందులు, కౌన్సెలింగు అన్నీ ఉంటాయి. కానీ పొద్దున్న లేవడానికి కారణం మాత్రం ఆవు. దానికి వీడి మూడ్ బాగున్నా బాగోలేకపోయినా పాలు పితకాల్సిందే.

వాళ్ళమ్మ ఇదంతా చెబుతుంటే నాకు మా చిన్నాన్న గుర్తొచ్చాడు. ఇది తెల్లవాళ్ళు కనిపెట్టిన వింతేమీ కాదు, మా తాతయ్య పేరు పెట్టకుండా చేసిన పనే.

మాది ముమ్మిడివరం దగ్గర పల్లె. చిన్నాన్న అమలాపురంలో బీయస్సీ చదువుతూ 1975లో జబ్బుపడ్డాడు. గోడల్లోంచి ఎవరో తిడుతున్నారనేవాడు. మొదట గాలి సోకిందన్నారు. తాయెత్తు కట్టించారు, దర్గాకి తీసుకెళ్ళారు, గుళ్ళో మండలం రోజులు నిద్ర చేయించారు. పెళ్ళి చేస్తే కుదురుకుంటాడని ఒక సంబంధం కూడా చూశారు. ఆ పిల్ల అదృష్టం బాగుండి అది తప్పిపోయింది. చివరికి విశాఖ చినవాల్తేరు ఆస్పత్రికి తీసుకెళ్ళారు. మూడు నెలలకి మందులతో, సన్నగా వణికే చేతులతో ఇంటికొచ్చాడు.

అప్పుడు తాతయ్య వాణ్ణి కొబ్బరితోటలో కూర్చోబెట్టాడు. రెండు నెలలకోసారి దింపు. దింపు తీసేవాళ్ళు చెట్లెక్కి గెలలు కోసి పడేస్తే, బోదెల్లో పడ్డవి కూడా ఏరి రాశి పోస్తారు. ఆ రాశి లెక్కపెట్టడం చిన్నాన్న పని. కొబ్బరి బేరం వెయ్యికాయల మీద నడుస్తుంది, వెయ్యికి ఇరవై కాయలు అటూ ఇటూ అయితే గొడవలవుతాయి. చిన్నాన్న లెక్క ఒక్క కాయ తప్పేది కాదు. చెవిలో గొంతులు ఎంత అరుస్తున్నా అంకె మాత్రం వదిలేవాడు కాదు. అంబాజీపేట నుంచి వచ్చే షావుకారు, "చినబాబుగారు లెక్కెట్టారాండీ? అయితే మరింక మేం ఎంచక్కర్లేదండి ఆయ్" అనేవాడు. ఆ మాట విన్న రోజు చిన్నాన్న రెండు ముద్దలు ఎక్కువ తినేవాడని నాయనమ్మ చెప్పేది. రాత్రి మజ్జిగన్నంతోపాటు మాత్ర కూడా ఆవిడే వేసేది.

ఇదంతా బంగారమని చెప్పను. ఊళ్ళో పిల్లలు ఆయన వెనక "ఒకటీ రెండూ మూడూ" అని అరుస్తూ పరిగెత్తేవాళ్ళు. వాళ్ళలో నేనూ ఉన్నాను. చుట్టాలొస్తే ఆయన్ని సావిట్లోకి పంపేసేవాళ్ళు. పెళ్ళిళ్ళకి తీసుకెళ్ళేవాళ్ళు కాదు.

తాతయ్య, నాయనమ్మ పోయారు. మాత్ర వేసే చెయ్యి లేకుండా పోయింది. ఆ తర్వాత 1996 నవంబరు 6 రాత్రి వచ్చింది. కోనసీమ వాళ్ళకి ఆ తుపాను గురించి నేను చెప్పక్కర్లేదు. తెల్లారేసరికి మా తోటలో నిలబడ్డ చెట్లు చేతివేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. చిన్నాన్న మూడు రోజులు మొలలోతు నీళ్ళలో తిరిగి పడిపోయిన చెట్లని లెక్కపెట్టాడు. ఆ తర్వాత ఆయనకి లెక్కపెట్టడానికి ఏమీ మిగల్లేదు.

నాన్న తోట కౌలుకిచ్చేశాడు. చిన్నాన్న తిరగడం మొదలెట్టాడు. ఒకసారి ఎదుర్లంక రేవులో పంటు ఎక్కి యానాం వెళ్ళిపోయాడు, అప్పటికింకా వంతెన లేదు. మూడు రోజులు వెతికారు. ఆ తర్వాత నాన్న ఆయన కాలికి గొలుసు వేశాడు, సావిట్లో గేదెల గుంజ పక్కన. నాన్న కసాయివాడు కాదు. ఆ మూడు రోజులూ అన్నం ముట్టకుండా వెతికింది ఆయనే.

1998లో నేను ఇక్కడికొచ్చేశాను. 2000 సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఆ గొలుసు చూశాను. తాళంచెవి దేవుడి గది గూట్లో ఉండేది, అందరితోపాటు నాకూ తెలుసు. కనుమ నాడు అందరం జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళాం. ప్రభలు కౌశిక నది దాటుతుంటే నేను కెమెరాతో ఫొటోలు తీశాను. అవి తర్వాత మన పత్రికలోనే వేశారు, "నా పల్లె సంక్రాంతి" అనో ఏదో పేరు పెట్టి.

2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో ఒక ఆశ్రయం తగలబడి 28 మంది చనిపోయారు. గొలుసులతో కట్టేసి ఉండటంతో పారిపోలేకపోయారు. ఆ వార్త ఇంటర్నెట్లో చదివి ఆ రాత్రే నాన్నకి ఫోన్ చేశాను. "తీస్తే ఎక్కడికి పోతాడోరా. నువ్వొచ్చి కాపలా ఉంటావా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఆ జవాబు ఇచ్చినాయన మా కౌలుదారు. చదువు ఐదో తరగతి. తుపాను తర్వాత ఆయన మా తోటలో కొత్త మొక్కలు వేశాడు. 2002లో ఒకరోజు నాన్న దగ్గరికొచ్చి "చినబాబుగారిని నా కూడా పంపండి. మొక్కలకి నీళ్ళు పెట్టాలి, నాకూ తోడుంటారండి" అన్నాడట. కాకినాడ పెద్దాస్పత్రికి ఆయనే తీసుకెళ్ళాడు. మాత్రలు వేసుకోడానికి మొండికేస్తాడని డాక్టరు నెలకో ఇంజెక్షను రాశాడు. ప్రతి నెలా కూలి పోగొట్టుకుని తీసుకెళ్ళింది కౌలుదారు భార్య. 2004లో ఆ మొక్కలు కాపుకొచ్చాయి. మొదటి దింపు రాశి లెక్కపెట్టింది చిన్నాన్నే. 2011లో మామూలు జ్వరంతో పోయాడు. గొలుసు అప్పటికి తొమ్మిదేళ్ళుగా అటకమీద ఉంది.

మన ఊళ్ళలో ఈ ప్రేమ ఉంది, ఈ గొలుసూ ఉంది, చాలాసార్లు రెండూ ఒకే ఇంట్లో ఉన్నాయి. అందుకని "మన ఉమ్మడి కుటుంబాలే మందు" అనే ఉపన్యాసం నేనివ్వలేను. ఇంట్లో దెప్పిపొడుపులు, అతి జోక్యం ఎక్కువైతే ఈ జబ్బు తిరగబెడుతుందని 1960ల నుంచే లండన్ పరిశోధకులు చూపిస్తున్నారు. దెప్పడంలో మనల్ని మించినవాళ్ళెవరు? మా చిన్నాన్నని నిలబెట్టింది రక్తసంబంధం లేనివాళ్ళు. బెల్జియంలో గీల్ అనే ఊరివాళ్ళు వందల ఏళ్ళుగా ముక్కూ మొహం తెలియని జబ్బు మనుషుల్ని ఇళ్ళలో పెట్టుకుంటున్నారు. 1930ల చివర్లో ఆ ఒక్క ఊరి ఇళ్ళలో 3,500 మంది పైనే ఉండేవారు. చెన్నైలో 1993లో మొదలైన బాన్యన్ సంస్థ, ఆస్పత్రుల్లో ఏళ్ళ తరబడి మగ్గినవాళ్ళని నలుగురైదుగురు చొప్పున మామూలు వీధుల్లో అద్దె ఇళ్ళలో ఉంచుతోంది. మనకి కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు.

ఇక అసలు సంగతి. 2027లో గోదావరి పుష్కరాలు. మన సంఘం కోనసీమలో ఒక స్వాగత తోరణం కట్టిద్దామని చందాలు మొదలెట్టింది. ఆ డబ్బుతో, లేదా అందులో సగంతో, ఇలాంటి జబ్బున్నవాళ్ళు ఉండి పనిచేసుకునే ఒక తోట ఇల్లు అక్కడ పెడదామని నేను జనరల్ బాడీ మీటింగులో అడిగాను. నవ్వు వినిపించింది. తర్వాత కాఫీ దగ్గర కొందరు మర్యాదగానే అభ్యంతరాలు చెప్పారు. అవి తీసిపారేసేవి కావు.

మొదటిది, అమెరికా ఫారాలకి వందల ఎకరాలుంటాయి, కోనసీమలో ఎకరం దొరికేదెక్కడ, దొరికిందంతా రొయ్యల చెరువేగా అన్నారు. నిజమే. కానీ పదిమందికి రెండెకరాల కొబ్బరితోట, నాలుగు గేదెలు, ఒక పెరడు చాలు. ఇక్కడి ఫారాల ఖర్చు చాలావరకు ఇన్స్యూరెన్సు భరించదు, మామూలువాళ్ళకి అందేవి కావు. అక్కడ ఒక కౌలు కుటుంబానికి, ఒక నర్సుకి జీతాలు, నెలకి రెండుసార్లు డాక్టరు రావడానికి ఖర్చు మన ఒక్క గాలా డిన్నరంత కాదు. రెండోది నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది. "పని వైద్యం" పేరుతో వాళ్ళచేత వెట్టి చేయిస్తారేమో అని. పాతకాలపు మానసిక ఆస్పత్రుల పొలాల్లో రోగులచేత జీతం లేకుండా చేయించుకున్న మాట నిజం. చిన్నాన్నకీ తాతయ్య ఒక్క రూపాయి ఇవ్వలేదు, ఇవ్వాలని తోచలేదు కూడా. అందుకే కూలి లెక్కగట్టి వాళ్ళ ఖాతాలోనే వెయ్యాలి. పని చేయనన్నవాడికి కూడా అన్నం, మంచం ఉండాలి.

చట్టం మన వైపే ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే నుంచి అమల్లో ఉంది. గొలుసు వెయ్యడం నేరమని, మానసిక రోగికి సమాజంలో బతికే హక్కుందని అందులో రాసుంది. ఇలాంటి ఇల్లు నడపాలంటే రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ దగ్గర రిజిస్టరు చేయించాలి. చేయిద్దాం. తోరణానికి మాత్రం పంచాయతీ అనుమతి అక్కర్లేదా?

స్థలం ఎక్కడ అంటారు. డెల్టాలో ఏ ఊరైనా నడిచి చూడండి. మండువా లోగిళ్ళు తాళాలు వేసి ఉంటాయి, తలుపు మీద చెదలు పట్టిన మామిడాకులతో. తాళంచెవులు డల్లాస్‌లో, న్యూజెర్సీలో, మన వంటింటి సొరుగుల్లో ఉన్నాయి. ఏటా రెండుసార్లు ఎవరో ఒకరికి డబ్బు పంపించి ఇల్లు ఊడ్పిస్తున్నాం.

మా ఇల్లూ తాళం వేసి ఆరేళ్ళయింది. నాన్న పోయాక అది ముగ్గురు అన్నదమ్ములది. కౌలుదారు కొడుకు తోట చూస్తున్నాడు. వాణ్ణి అడిగితే "అమ్మకి చెప్తానండి, అమ్మకైతే ఇష్టమేనండి" అన్నాడు. మొన్న మా పెద్దన్నయ్యకి ఫోన్ చేశాను. "మంచి రేటు వస్తోంది, అమ్మేద్దామనుకుంటుంటే ఇదేంట్రా మధ్యలో" అన్నాడు. వచ్చే ఆదివారం మళ్ళీ చేస్తాను. ఉగాది వడ్డనకి ఆ కుర్రాడి పేరు రాయమని కమిటీకి కూడా మెసేజి పెట్టాను. ఇంకా జవాబు రాలేదు. వాళ్ళమ్మనైతే అడిగాను. "టోపీ వాడి దగ్గరే ఉందండీ. ముందు మీవాళ్ళు సరే అననివ్వండి" అంది.