సవరణ: బేస్ గిటార్ సాధన, చేతి నొప్పి

బేస్ గిటార్ వాయిస్తుంటే చెయ్యి నొప్పి పుట్టినా సాధన ఆపొద్దని, నాలుగు రోజుల్లో అదే సర్దుకుంటుందని ఇంతకుముందు రాశాను. అది తప్పు. ఆ మాట వేలి కొనల మంటకే వర్తిస్తుంది. చర్మం గట్టిపడ్డాక అది తగ్గుతుంది. మణికట్టులోనో, బొటనవేలి మొదట్లోనో, ముంజేతిలోనో నొప్పి వచ్చినా, వేళ్లు తిమ్మిరెక్కినా వెంటనే ఆపాలి. స్నాయువు (కండరాన్ని ఎముకకు కలిపే తంతువు) వాచిందనడానికో, నరం నొక్కుకుపోతోందనడానికో అవి సూచనలు కావచ్చు. చేతి చికిత్స నిపుణులు, అనుభవజ్ఞులైన బేస్ గురువులు చెప్పేది ఇదే.

అసలు చిక్కంతా చాలావరకు బొటనవేలితో గిటార్ మెడను పట్టకారులా బిగించడంలోనే ఉంది. తీగను ఫ్రెట్‌కు (గిటార్ మెడ మీది అడ్డ లోహపు కడ్డీకి) కాస్త వెనక, దాన్ని ఆనుకుని నొక్కండి. జుయ్‌మనే శబ్దం వచ్చేదాకా పట్టు సడలించి, అక్కడినుంచి స్వరం శుభ్రంగా పలికేంతవరకే బిగించండి. అంతకు మించిన బలం వృథా. మామూలు బేస్‌లో తీగ మోగే పొడవు 34 అంగుళాలు కాబట్టి, గిటార్ తల వైపు ఫ్రెట్లు దూరదూరంగా ఉంటాయి; అక్కడ వేళ్లు సాగదీయకుండా చేతినే జరపండి.