పొట్టేలుకు మార్కులు ఎవరి లాభం చూసి వేయాలి?

వరంగల్, జనగామ, కరీంనగర్ వైపు గొర్ల మందల్లో ఏటా జరిగేదే ఇది. మూడు నాలుగు నెలలకే ఏపుగా ఎదిగిన మగపిల్ల మీద ముందుగా బేరగాడి కన్ను పడుతుంది. కాపరికి పిల్లల ఫీజో, మిత్తి కట్టాల్సిన గడువో నెత్తి మీద ఉంటుంది. ఆ పిల్ల అమ్ముడుపోతుంది. బక్రీద్‌కు కొన్ని, దసరాకు కొన్ని మంచివి వెళ్లిపోతాయి. ఎవరూ బేరమాడనిది, ఎదుగూ బొదుగూ లేనిది మందలో మిగిలి, రెండు పళ్లు వేసేసరికి అదే విత్తనపు పొట్టేలవుతుంది. తల్లి పాలు చూసి, పుట్టిన మంద చూసి మంచి పొట్టేలును అట్టిపెట్టుకునే కాపరులు లేకపోలేదు. కానీ అవసరం తరుముతున్నప్పుడు ఆ నిగ్రహం అందరికీ సాధ్యం కాదు. ఇలా బాగా పెరిగేవాటిని కోతకు పంపి, పెరగనివాటితో మందను పెంచుకుంటూ పోతున్నాం.

2019 పశుగణన ప్రకారం తెలంగాణలో గొర్రెలు 1.90 కోట్లు. దేశంలో మనదే మొదటి స్థానం. 2012లో ఈ సంఖ్య 1.28 కోట్లు. మధ్యలో 2017లో గొర్రెల పంపిణీ పథకం వచ్చింది: 20 గొర్రెలు, ఒక పొట్టేలు కలిపి ఒక యూనిట్, ధర 1.25 లక్షల రూపాయలు, అందులో 75 శాతం రాయితీ. ఆ పథకం మీద వాదోపవాదాలన్నీ రాయితీ చుట్టూ, రవాణా చుట్టూ, అవకతవకల ఆరోపణల చుట్టూ తిరిగాయి. యూనిట్‌లో ఉన్న ఆ ఒక్క పొట్టేలు గురించి పెద్దగా ఎవరూ మాట్లాడలేదు. 20 గొర్రెలు ఈనే ప్రతి పిల్లకూ సగం రక్తం దానిదే కదా! పొరుగు రాష్ట్రాల మందల్లో కొని లారీ ఎక్కించిన పొట్టేలుకు తల్లి ఎవరో, ఎన్ని నెలలకు ఎంత తూగిందో చెప్పే కాగితం ఎక్కడి నుంచి వస్తుంది?

మాంసం కోసం పశువులను పెంచే దేశాల్లో ఈ కాగితం పని చేసేది సెలెక్షన్ ఇండెక్స్. అమెరికాలోని అయోవాలో ఎల్.ఎన్. హేజెల్ అనే శాస్త్రవేత్త 1943లో దీనికి గణిత పునాది వేశారు. సూత్రం సులువైనదే. పశువులో మనకు కావలసిన గుణాలు చాలా ఉంటాయి. ఒక్కో గుణంలో పిల్లలకు సంక్రమించే భాగం ఎంతో అంచనా కట్టాలి. ఆ గుణం ఒక మెట్టు మెరుగైతే రైతుకు ఎన్ని రూపాయలు మిగులుతాయో దానితో హెచ్చవేయాలి. అన్నీ కూడితే ఒకే అంకె వస్తుంది, అదే ఆ పశువు మార్కు. ఎత్తు ఒకటే చూసో, కొమ్ముల వంపు చూసో మురిసిపోకుండా ఆ అంకె కాపాడుతుంది.

రెండు పొట్టేళ్లు అనుకుందాం. ఒక్కోదాని కింద 20 గొర్రెలు, గొర్రెకొక పిల్ల. మొదటిదాని పిల్లలు మూడు నెలలకు సగటున 16 కిలోలు తూగాయి, కానీ బతికినవి 16. రెండోదాని పిల్లలు 15 కిలోలే, బతికినవి 18. అంగడిలో మొదటిదాని పిల్లలే కంటికి ఆనతాయి. మొత్తం తూకం చూస్తే మొదటిదానికి 256 కిలోలు, రెండోదానికి 270. అలాగని రెండో పొట్టేలే గొప్పదని అప్పుడే అనేయకూడదు. 20 పిల్లల్లో రెండు చావులు అటూ ఇటూ కావడానికి ఒక్క ముసురు, ఒక్క చిటుక రోగం చాలు. బరువు గుణం తండ్రి నుంచి పిల్లలకు ఓ మోస్తరుగా దిగుతుంది, పిల్లలు బతికి బట్టకట్టే గుణం చాలా తక్కువగా దిగుతుంది. అందుకే ఇండెక్స్ ఆ 14 కిలోల గొప్పనంతా పొట్టేలు ఖాతాలో వేయదు. దొడ్డి తేడా, మేత తేడా, తల్లి వయసు తేడా తీసేసి, రక్తంలో ఉన్నంత మేరకే విలువ కడుతుంది. ఈ తీసివేతకు మాత్రం ఒక్క మంద లెక్కలు చాలవు. పదుల మందల లెక్కలు కావాలి.

అసలు చిక్కు రూపాయల దగ్గర ఉంది. ఎవరి రూపాయలు? అమెరికాలో ఆంగస్ అనే మాంసపు పశువుల జాతి సంఘం బీఫ్ వాల్యూ అనే ఇండెక్స్‌ను చాలాకాలంగా ఇస్తోంది. పుట్టిన దూడలన్నీ మేపుడు కేంద్రానికి పోయి మాంసమవుతాయన్న లెక్క మీద దాన్ని కట్టారు. పెయ్యలను మందలోనే ఉంచుకునే రైతు దాన్ని మాత్రమే నమ్ముకుంటే, వేగంగా పెరిగే గుణంతో పాటు పెద్ద ఒళ్లున్న తల్లులూ వస్తాయి. ఏడాది పొడవునా వాటి మేత ఖర్చు అతనిదే. తల్లుల ఖర్చును, సాధుగుణాన్ని లెక్కలోకి తీసుకునే మరో ఇండెక్స్‌ను ఆ సంఘం 2020లో తెచ్చింది. పశువు అదే, జాతి అదే, లాభం ఎవరిదన్న ప్రశ్న మారేసరికి మంచి ఎద్దుల వరస మారిపోయింది.

మన దగ్గర ఈ ప్రశ్న ఇంకా పదునుగా ఉంటుంది. నల్ల దక్కనీ గొర్రె మన మెట్ట నేలది, కురుమల గొంగడిది. నడక ఎక్కువ, మేత తక్కువ, ఎండకు ఓర్పు ఎక్కువ. ఉన్నికి గిరాకీ పడిపోయాక, వేగంగా పెరిగే ఎత్తైన నెల్లూరు పొట్టేళ్లను దాని మీద దాటించడం పెరిగింది. అమ్మకపు బరువు ఒక్కటే చూసి మార్కులు వేస్తే నెల్లూరు గెలుస్తుంది, అది బేరగాడి లెక్క. కాపరి లెక్కలో తల్లి గొర్రె మేత, నట్టల మందు ఖర్చు, వానకాలంలో చచ్చిన పిల్లలు, మే నెలలో గోదావరి దిక్కు వలస పోయినప్పుడు దారిలో కుంటుపడి మిగిలిపోయే జీవాలు కూడా ఉంటాయి. కాలువ నీళ్లు వచ్చిన ఊళ్లలో వరి పెరిగి బీళ్లు తగ్గాయి. పత్తి ఏరడం అయిపోయాక చేలల్లో మేపుకునే ఆ కొద్ది వారాలు మంద కడుపు నింపుతాయి. ఇలాంటి చోట పెద్ద ఒళ్లు అప్పులాంటిది.

కవల పిల్లల సంగతీ ఇంతే. సుందర్‌బన్స్ గారోల్ గొర్రెల్లోని ఎక్కువ పిల్లల జన్యువును మహారాష్ట్రలోని ఫల్టణ్‌లో నింబ్కర్ పరిశోధనా సంస్థ దక్కనీలోకి తెచ్చి, నారీ సువర్ణ అనే రకాన్ని తయారుచేసింది. మంచి పని, నాకు దాని మీద గౌరవం ఉంది. దొడ్డి దగ్గరే దాణా పెట్టగలిగే మందకు అది వరం. రోజంతా నడిచి మేసే తల్లికి మాత్రం ఇద్దరు పిల్లలకు సరిపడా పాలు ఉండకపోవచ్చు. అందుకే కవలలకు మన ఇండెక్స్‌లో ఎన్ని మార్కులన్నది మేపే పద్ధతిని బట్టి తేల్చాలి.

ఇది మొదలుపెట్టడానికి ఖరీదైన డీఎన్ఏ పరీక్షలు అక్కర్లేదు. ముందు కావలసింది చెవికి నంబరు, తండ్రి ఎవరో తెలిసేలా ఎద కాలంలో మందకు ఒకే పొట్టేలు, ఒక వేలాడే త్రాసు, రాసుకునే నోటు పుస్తకం. పుట్టిన తేదీ, తల్లి నంబరు, మూడో నెలలో, ఆరో నెలలో బరువు, చనిపోతే ఎప్పుడు, ఎందుకు. ఊరూరా ప్రాథమిక గొర్రెల పెంపకందారుల సహకార సంఘాలున్నాయి. వరంగల్ పక్కన మామునూరులో వెటర్నరీ కాలేజీ ఉంది. నాలుగైదు మండలాల్లో ఇష్టమున్న మందలను ఎంచుకుని, కాలేజీ లెక్కలు కడితే, ఏ పొట్టేలును ఏ మందకు ఇవ్వాలో సంఘమే నిర్ణయించుకోవచ్చు. ఏ గుణానికి ఎన్ని రూపాయలో రాసేటప్పుడు మాత్రం బల్లకు అవతలి వైపు కాపరులు కూర్చోవాలి.

అన్నిటికన్నా ముందు అడ్డుపడేది ఆ మూడు నెలల బేరం. మార్కులు బాగా వచ్చిన మగపిల్లను ఏడాది దాకా అమ్మకుండా ఆపమంటే, ఆ ఏడాది కాపరి ఇల్లు గడవాలి. కాబట్టి ప్రభుత్వం మళ్లీ గొర్రెల మీద డబ్బు పెట్టదలిస్తే, కొత్త లారీల జీవాలకు కొంత తగ్గించి, మంచి పిల్లను బేరగాడి ధరకే సంఘం కొనుక్కుని పెంచుకునేందుకు ఇవ్వాలి. పాతిక మందలకు ఏటా పది పిల్లల ధర పెట్టినా చాలు, మొదటి ఐదేళ్లకు.