డయానాను ఇంకెన్నిసార్లు పుట్టిస్తారు?

వండర్ ఉమన్ పుట్టుక మళ్లీ మార్చారంటే ఒళ్లు మండిపోతుంది. 1941లో మొదలైన అమెరికన్ కామిక్స్ పాత్ర ఇది, అసలు పేరు డయానా. హిపోలిటా రాణి తనకో బిడ్డ కావాలని మట్టితో పాపను చేస్తే, దేవతల వరంతో ప్రాణం వచ్చింది. 1987లో కామిక్స్ రచయిత, చిత్రకారుడు జార్జ్ పెరేజ్ కథంతా మొదటినుంచి చెప్పినా ఆ మట్టిని వదల్లేదు. 2011లో మాత్రం అదంతా అబద్ధం, ఈమె గ్రీకు దేవుళ్ల రాజు జియస్ కూతురు అనేశారు. తల్లి కోరికతోనే పుట్టిన పిల్లకు ఇప్పుడు తండ్రిని తగిలించడం దేనికి? ఆమె కథలో అందమంతా అక్కడే కదా ఉంది!

2016లో ఆమె కథ చెప్పడానికి ఇంకో పద్ధతి. ఒక సంచికలో తొలినాళ్లు, తర్వాతి సంచికలో ఇప్పటి కథ. ఏదైనా కాస్త రుచి తగిలేలోపే ఆగిపోతుంది.

ఇక ఈ సాగతీత. మొన్న అనంతపురం క్లాక్ టవర్ దగ్గర టీ తాగుతుంటే మా తమ్ముడు ఫోన్‌లో ఓ సూపర్ హీరోయిన్ కామిక్ చూపించాడు. పేజీ నిండా ఒకే ముఖం, ఒక్క మాట లేదు. పక్కకు జరిపితే అదే ముఖం, కాస్త దగ్గరగా. "అన్నా, టీ చల్లారకముందే సంచిక అయిపోయింది" అన్నాడు, పాపం. నిమ్మలకుంట తోలుబొమ్మలాట తెల్లవార్లూ చూసిన జనం మాది, నిదానం మాకు కొత్త కాదు. కానీ అక్కడ ప్రతి ఘట్టంలో ఏదో ఒకటి జరుగుతుంది. ఇక్కడ నెలంతా ఎదురుచూసినవాడికి ఇరవై పేజీల్లో ఒక్క సంగతైనా చెప్పండి స్వామీ!