సుడిదోమకూ సాంబమసూరే

వరి దుబ్బు మొదట్లో చేరి రసం పీల్చే సుడిదోమకు పరిశోధనా కేంద్రాల్లో జరిగే మర్యాద చూస్తే కొత్త అల్లుళ్లు కుళ్లుకుంటారు. ట్రేలో రకరకాల వరి మొలకలు వరుసలుగా పెంచి, దోమ పిల్లలను విందుకు వదులుతారు. తైచుంగ్ నేటివ్ 1 అనే బలహీన రకాన్ని కూడా పక్కనే ఉంచుతారు. అది ఎండిపోయాక మిగతా వాటికి మార్కులు వేస్తారు. పాపం, దాని చావే పరీక్ష గంట. అతిథి ఎంత తాగిందో తెలుసుకోవడానికి, అది విసర్జించిన తేనెబంక వడపోత కాగితంపై ఎంత మేర మరక చేసిందో కొలుస్తారు. ఇంత శ్రద్ధ ఏ అల్లుడికి దక్కింది?

దోమ మూతి ముడిచిన మొక్కే శాస్త్రవేత్తకు ముద్దు. కేరళలోని పట్టాంబి నుంచి వచ్చిన పి.టి.బి. 33 అనే వరి రకానికి అందుకే అంత విలువ. అయితే దోమ మొండిది కాదు, సర్దుకుపోయే రకం. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ 1973లో దోమను తట్టుకునే ఐ.ఆర్. 26 అనే రకాన్ని వడ్డిస్తే రెండు మూడేళ్లలో అలవాటు చేసుకుంది. 1976లో ఐ.ఆర్. 36 వచ్చింది. కొన్నేళ్లకు దానికీ వంక పెట్టడం మానేసింది.

సర్దుకోనిది మనమే. దోమను తట్టుకుంటాయని మారుటేరు వరి పరిశోధనా కేంద్రం వారు విజేత, ఇంద్ర అని యుద్ధానికి తగ్గ పేర్లతో వంగడాలు ఇచ్చారు. మన మనసు మాత్రం 1986లో బాపట్ల నుంచి వచ్చిన సాంబమసూరి దగ్గరే ఆగిపోయింది. అది దోమకు తట్టుకోదు, అగ్గితెగులుకు తట్టుకోదు, ఎండాకు తెగులుకూ తట్టుకోదు. అన్నం మాత్రం అమృతం. దోమదీ ఇదే అభిప్రాయం. ఆపైన యూరియా కుమ్మరించి దానికి పాయసం పెడతాం. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు కొట్టి, దాన్ని తినే సాలీళ్లను సాగనంపుతాం. చేలో పైరు గుండ్రంగా ఎండి సుడి లేచాక దోమను తిడతాం.

కనుక ఇక వరిని వదిలి, సాంబమసూరి లేని భోజనాన్ని తట్టుకునే మనిషి వంగడాన్ని రూపొందించాలని నా ప్రతిపాదన. పరీక్ష పద్ధతి సిద్ధంగానే ఉంది: అందరినీ వరుసగా కూర్చోబెట్టి వేరే అన్నం వడ్డించాలి, విస్తట్లో వదిలేసిన మెతుకులు కొలవాలి. గంట కొట్టడానికి ఎవరో ఒకరు ముందుగా పడిపోవాలి కదా, ఆ తైచుంగ్ నేటివ్ స్థానానికి నా పేరు రాసుకోండి.